శివారు వోల్టులు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు వరసలకు వరసలే కూలిపోయాయి. ఉత్తరాంధ్ర తీరం వాళ్ళకు అలాంటి రాత్రులు కొత్త కాదు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నాన్నే కొట్టింది. ఇలాంటి రాత్రుల్లో ఒక సంగతి చాలామంది అనుభవంలోకి వచ్చే ఉంటుంది. ఊళ్ళో కరెంటు పోగానే ఫోను మూగబోదు. దీపాలన్నీ ఆరిపోయినా సిగ్నల్ గీతలు నిలబడే ఉంటాయి. దూరాన ఉన్న కొడుకు ఫోన్ చేసి "అమ్మా, పెంకుటింట్లో ఉండకండి, పక్కవాళ్ళ డాబాలోకి వెళ్ళిపోండి" అని చెప్పగలుగుతాడు. ఆ తర్వాత ఎప్పుడో, గాలి తగ్గకముందే, గీతలు ఒక్కొక్కటే పడిపోతాయి. టవరు బ్యాటరీ అయిపోయినట్టుంది అనుకుంటాం.

ఆ మాటలో కొంతే నిజం. తీగను సరిగ్గా లెక్కకట్టి వేయని చోట, కింద బ్యాటరీలో ఇంకా శక్తి మిగిలి ఉండగానే పైనున్న రేడియో ఆగిపోతుంది. బ్యాటరీకీ రేడియోకీ నడుమ ఉన్నది యాభై మీటర్ల రాగి. తుపాను రాత్రి ఆ కొడుకు మాట తల్లికి చేరుతుందా లేదా అన్నది ఆ రాగి మందం మీద కూడా ఆధారపడి ఉంటుంది. టవరంటే మనకు కనిపించేది ఎత్తు, ఎర్ర దీపం, డబ్బాల్లాంటి యాంటెనాలు. దాని కాలి వెంబడి పైకి పాకే నల్లటి తీగల్ని ఎవరూ పట్టించుకోరు. నేను చెప్పదలచుకున్నది వాటి గురించే.

ముందు కింద ఏముందో చూద్దాం. టవరు అడుగున, కంచె లోపల, బీరువాలాంటి ఇనప పెట్టె ఒకటి ఉంటుంది. ఊరి లైను నుంచి వచ్చే ఏసీ కరెంటును అందులోని రెక్టిఫయర్లు డీసీగా మారుస్తాయి. ఆ డీసీ ఒక రాగి పట్టీ మీదికి చేరుతుంది. అదే పట్టీకి ఒక పక్క బ్యాటరీలు, మరో పక్క రేడియోల బ్రేకర్లు తగిలించి ఉంటాయి. లైను ఉన్నంతసేపూ రెక్టిఫయర్లు రేడియోలను నడుపుతూనే బ్యాటరీలను నింపుతుంటాయి. లైను పోతే మార్చవలసిన స్విచ్చంటూ ఏదీ లేదు. బ్యాటరీ ఎప్పటినుంచో ఆ పట్టీ మీదే ఉంది కాబట్టి భారం దానంతట అదే బ్యాటరీ మీద పడుతుంది. ఇంట్లో ఇన్వర్టరు టక్కుమని అందుకునేటప్పుడు కలిగే లిప్తపాటు ఆగుడు కూడా ఇక్కడ ఉండదు. ఇంత సరళంగా ఉండటమే ఈ ఏర్పాటు బలం.

ఈ పట్టీ మీద ఉండేది 48 వోల్టులు. 50 కాకుండా 48 ఎందుకంటే, సీసం బ్యాటరీలో ఒక్కో సెల్లు సుమారు 2 వోల్టులిస్తుంది, అలాంటివి 24 వరసగా కలుపుతారు. అయితే 48 అన్నది పేరుకే. లైను ఉన్నప్పుడు ఒక్కో సెల్లునూ 2.25 వోల్టుల దగ్గర నిలబెడతారు కాబట్టి పట్టీ మీద 54 ఉంటుంది. బ్యాటరీ ఖాళీ అవుతూ సెల్లుకు 1.8కి దిగితే పట్టీ మీద మిగిలేది 43.2. టవరు బతుకంతా ఈ 54కూ 43కూ నడుమనే.

ఇది మొబైల్ ఫోన్లతో పుట్టిన అంకె కాదు, టెలిఫోను ఎక్స్‌ఛేంజీ నుంచి వచ్చిన వారసత్వం. తొలినాళ్ళలో ప్రతి ఇంటి ఫోనుకూ సొంత బ్యాటరీ ఉండేది, ఎక్స్‌ఛేంజీని పిలవాలంటే పిడి తిప్పాలి. 1893లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో బ్యాటరీలన్నిటినీ ఇళ్ళలోంచి తీసి ఎక్స్‌ఛేంజీలో ఒకేచోట పెట్టిన ఏర్పాటు మొదలైంది. అప్పటినుంచి ఊరందరి మాటలకూ శక్తి ఎక్స్‌ఛేంజీ బ్యాటరీయే. మన ఇళ్ళలో ల్యాండ్‌లైన్ ఉన్న రోజులు గుర్తుంటే, కరెంటు పోయినా రిసీవరు ఎత్తగానే డయల్ టోను వినిపించేది. ఆ తీగలో వచ్చింది ఈ 48 వోల్టులే.

ఇంకో వింత. టవరు దగ్గర మీటరు నల్ల కొసను ఎర్తు పట్టీకి ఆనించి ఎర్ర కొసను సరఫరా తీగకు పెడితే, అంకె ముందు మైనస్ గుర్తు కనిపిస్తుంది. టెలికాంలో పాజిటివ్‌ను భూమికి కలుపుతారు. కారులోనూ ట్రాక్టరులోనూ నెగిటివ్‌ను బాడీకి కలిపే అలవాటు చూసిన ఎలక్ట్రీషియనుకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. కారణం నేలలో ఉంది. పాత రోజుల్లో ఫోను తీగలు మైళ్ళ కొద్దీ భూమిలో పాతిపెట్టి ఉండేవి. పైతొడుగు ఎక్కడో చిట్లుతుంది, తేమ తగులుతుంది. తడి నేలకంటే పాజిటివ్‌గా ఉన్న లోహం కొద్దికొద్దిగా అయాన్లుగా కరిగి మట్టిలో కలిసిపోతుంది. వెంట్రుకలాంటి రాగి తీగ అలా కరగడం మొదలైతే ఎన్నాళ్ళు నిలుస్తుంది? అందుకని తీగను నెగిటివ్ చేసి, ఆ కరిగే బాధను ఎర్తు కడ్డీకి అప్పగించారు. కడ్డీ లావుగా ఉంటుంది, కరిగితే కరిగిపోనీ, మళ్ళీ పాతుకోవచ్చు. నూరేళ్ళ పైబడిన ఆ నిర్ణయం ఈనాటికీ ప్రతి టవరు మీదా మైనస్ గుర్తుగా మిగిలి ఉంది.

మొదట్లో ఈ డీసీకి టవరు ఎక్కవలసిన అవసరమే లేదు. మనదేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న, కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న సుఖ్‌రామ్‌తో మాట్లాడినది. అప్పటినుంచి చాలా ఏళ్ళపాటు రేడియోలు టవరు కిందే, చల్లబరిచిన గదిలో ఉండేవి. పైన యాంటెనా ఒక్కటే. రేడియో తరంగాలను కింద నుంచి పైకి తీసుకెళ్ళేందుకు బొటనవేలికంటే లావుగా ఉండే కోయాక్సియల్ కేబుళ్ళు వేసేవారు. వాటితో చిక్కేమిటంటే 1800 మెగాహెర్ట్జ్‌లాంటి పౌనఃపున్యాల దగ్గర, మధ్యలోని అతుకులతో సహా, యాభై మీటర్లు ఎక్కేసరికి దాదాపు సగం శక్తి కేబుల్‌లోనే వేడిగా పోయేది. కింద 40 వాట్లు పోస్తే పైన 20 అందేవి. ఫోను నుంచి వచ్చే బలహీనమైన సంకేతానికీ దిగేదారిలో అదే గతి.

అందుకే రేడియోనే పైకి ఎక్కించారు. యాంటెనా వెనకే బిగించే ఆ పెట్టెను ఇంజనీర్లు రిమోట్ రేడియో యూనిట్ అంటారు, టవర్ల మీద పనిచేసే కుర్రాళ్ళ నోట అది ఆర్‌ఆర్‌యూ. మాటలు, బొమ్మలు, డేటా అంతా గాజు పోగులో వెలుగుగా పైకి వెళ్తాయి. యాభై మీటర్ల గాజులో నష్టం లెక్కలోకే రాదు. కానీ ఆ గాజు పోగు రేడియోను నడిపే శక్తిని మోసుకెళ్ళలేదు. రేడియోకు వందల వాట్ల కరెంటు కావాలి. అలా కోయాక్సియల్ దిగిపోయి, డీసీ తీగ టవరెక్కింది. దాంతోపాటు ఒక పాత కష్టం కూడా ఎక్కింది.

ఆ కష్టం ఎడిసన్‌ది. 1882 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి ఆయన 110 వోల్టుల డీసీని ఇళ్ళకూ కార్యాలయాలకూ ఇచ్చాడు. కేంద్రం నుంచి ఒక మైలు దాటేసరికి దీపాలు మసకబారేవి, అంతకంటే దూరం పంపాలంటే రాగి ఖర్చు తలకు మించిన భారం. వోల్టేజిని పెంచి పంపి, చివర తగ్గించుకోగలిగిన ఏసీ ఆ పోటీలో గెలిచింది. ఎడిసన్ 110 వోల్టులతో మైలు దూరంలో పడ్డ అవస్థ, ఆయన వోల్టేజిలో సగం కూడా లేని టవరు డీసీకి యాభై మీటర్లకే ఎదురైంది.

మన కాలువల కింద సాగు చేసేవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తూము దగ్గరి పొలాలకు నీళ్ళు పుష్కలం. శివారు భూములకు చేరేసరికి కాలువ అడుగంటుతుంది. ఇంజనీర్లు వోల్టేజి డ్రాప్ అనేది కరెంటు శివారుకు చేరేలోపు ఇంకిపోయే వోల్టులనే. తీగ ఎంత పొడవైతే, ఎంత సన్నమైతే, అందులో ఎంత కరెంటు పారితే అంత డ్రాప్.

ఒక లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఈ కథంతా ఆ లెక్కలోనే ఉంది. 50 మీటర్ల టవరు, పైన 600 వాట్లు తీసుకునే ఆర్‌ఆర్‌యూ. కరెంటు పైకి వెళ్ళి మళ్ళీ కిందికి రావాలి కాబట్టి రాగి దారి 100 మీటర్లు. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు 1.83 ఓమ్‌ల నిరోధం ఉంటుంది, అంటే మన దారికి 0.183. లైను ఉండి పట్టీ మీద 54 వోల్టులున్నప్పుడు తీగలో పారేది సుమారు 11.6 ఆంపియర్లు, దారిలో పోయేది 2.1 వోల్టులు. పైకి దాదాపు 52 చేరతాయి. ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు లైను పోయింది, గంటలు గడిచాయి, బ్యాటరీ 43.2కు దిగింది. వోల్టేజి తగ్గింది కదా, కరెంటూ తగ్గుతుందిలే అనుకుంటే పొరపాటు. పాతకాలపు బల్బైతే వోల్టేజి తగ్గినప్పుడు మసకబారి తక్కువ తీసుకునేది. రేడియో అలా కాదు. దాని లోపలి కన్వర్టరుకు 600 వాట్లు కావాలంటే కావాలి. వోల్టేజి తగ్గిన కొద్దీ ఎక్కువ కరెంటు లాగి లోటు పూడ్చుకుంటుంది. ఎండాకాలంలో వ్యవసాయ ఫీడరు చివర లో వోల్టేజి వస్తే పంపుసెట్టు మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలిపోతుంది. రైతులకు అది అనుభవం. టవరు మీద జరిగేదీ ఆ తీరుదే. కరెంటు పెరుగుతుంది, పెరిగిన కరెంటు తీగలో ఇంకొన్ని వోల్టులు తినేస్తుంది, పైన వోల్టేజి ఇంకా తగ్గుతుంది, అందుకని రేడియో ఇంకొంచెం లాగుతుంది. మన లెక్కలో ఇది 14.8 ఆంపియర్ల దగ్గర స్థిరపడుతుంది. దారిలో పోయేది 2.7 వోల్టులు. పైకి చేరేది 40.5.

ఆ 40.5 మామూలు అంకె కాదు. టెలికాం పరికరాలకు యూరప్ ప్రమాణాలు రాసిన ఎట్సీ సంస్థ, 48 వోల్టుల పరికరం మామూలుగా పనిచేయవలసిన హద్దులుగా 40.5 నుంచి 57 వోల్టులని నిర్ణయించింది. అంటే ఈ 10 చదరపు మిల్లీమీటర్ల తీగ మన రేడియోను సరిగ్గా గట్టు అంచున నిలబెట్టింది.

డబ్బు మిగుల్చుకుందామని 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే? నిరోధం 0.308 ఓమ్‌లు. అదే 43.2 వోల్టుల దగ్గర పైకి చేరేది 38.4 మాత్రమే. తీగ ఒక్కటే 75 వాట్లు వేడిగా తాగేస్తుంది. పైన 40.5 నిలవాలంటే కింద 45 ఉండి తీరాలి. కాబట్టి బ్యాటరీ 45కు దిగగానే రేడియో పని అయిపోయినట్టే. 45 నుంచి 43.2 దాకా బ్యాటరీ అడుగున మిగిలిన శక్తి, డబ్బు పోసి కొన్నది, ఏళ్ళ తరబడి నింపుతూ కాపాడుకున్నది, అవసరం పడిన రాత్రే అక్కరకు రాకుండా పోతుంది. తీగలో మిగిల్చిన డబ్బు బ్యాటరీలో పోయింది.

అది మర్యాదగా ఆగిపోతే అదృష్టమే. రేడియో ఆగిన మరుక్షణం తీగలో కరెంటు ఉండదు. కరెంటు లేకపోతే డ్రాప్ లేదు. పైన వోల్టేజి మళ్ళీ 45కు లేస్తుంది. వోల్టేజి వచ్చిందని రేడియో మళ్ళీ లేస్తుంది, లాగుతుంది, పడుతుంది. ఆగే వోల్టేజికీ తిరిగి లేచే వోల్టేజికీ తగినంత ఎడం పెట్టకపోతే ఈ పడిలేవడం సాగుతూనే ఉంటుంది. కింద ఉన్నవాడికి ఫోనులో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఒక్క మాట కూడా పూర్తి కాదు.

ఎండను కూడా ఈ లెక్కలో వేయాలి. తీగల పట్టికల్లోని నిరోధం 20 డిగ్రీల దగ్గరిది. రాగి వేడెక్కిన కొద్దీ నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం నల్లటి తొడుగుతో ఎండకు ఎదురుగా ఉన్న తీగ 50 డిగ్రీలు చేరిందనుకుంటే నిరోధం 12 శాతం పెరిగినట్టు. గట్టు అంచున నిలబడిన మన 10 చదరపు మిల్లీమీటర్ల తీగ అప్పుడు అంచు దాటుతుంది. చల్లటి గదిలో కూర్చుని పట్టిక చూసి వేసిన లెక్క ఎండలో నిలవదు. అందుకే నా మటుకు నేను, మన వాతావరణంలో వేడి లెక్క కట్టకుండా తీగ ఎంచడాన్ని పొరపాటు అనను, నిర్లక్ష్యం అంటాను.

మరి మందులేమున్నాయి? మొదటిది అందరికీ తట్టేదే, లావు తీగ. 16 చదరపు మిల్లీమీటర్లు వేస్తే పైన 41.5 నిలుస్తాయి. కానీ 10 చదరపు మిల్లీమీటర్ల తీగ 100 మీటర్లలో ఉండే రాగి 9 కిలోలైతే, 16లో 14 కిలోలు పైన. మూడు దిక్కులకు, మూడేసి బ్యాండ్లకు కలిపి తొమ్మిది రేడియోలుంటే ఒక్క టవరు మీద రాగే 130 కిలోలకు చేరుతుంది. ఆ బరువును టవరు మోయాలి, ఆ ధర కంపెనీ మోయాలి. రాగి ఎంత ఉంటే దొంగల కన్ను అంత పడుతుంది. ఊరి చివరి టవర్ల దగ్గర కేబుళ్ళు, బ్యాటరీలు పోవడం ఈ రంగంలో పాత బాధ.

రెండోది, రేడియోకొక తీగ చొప్పున కింద నుంచి లాగకుండా, ఒకటో రెండో బాగా లావైన ప్రధాన కేబుళ్ళు పైదాకా వేసి, అక్కడ ఒక పంపిణీ పెట్టె బిగించి, దానినుంచి ఒక్కో రేడియోకూ రెండు మూడు మీటర్ల పిల్ల తీగలు ఇవ్వడం. పెద్ద కాలువ శివారు దాకా తవ్వి అక్కడ పిల్ల కాలువలు తీసినట్టు. రేడియోలన్నీ ఒకేసారి నిండు భారంతో ఉండవు కాబట్టి, ఖాళీగా ఉన్నవాటి వంతు రాగి పనిలో ఉన్నవాటికి ఉపయోగపడుతుంది. గాజు పోగులనూ రాగినీ ఒకే తొడుగులో పెట్టిన హైబ్రిడ్ కేబుళ్ళు ఈ పద్ధతికి తోడొచ్చాయి. టవరెక్కి బిగించేవాళ్ళకు ఒక్క కేబుల్‌తో పని తేలుతుంది. అయితే ఆ ఒక్క కేబుల్ దెబ్బతింటే టవరు మొత్తం మూగబోతుంది.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చిన ఉపాయం. బ్యాటరీకీ పైకెళ్ళే తీగకూ నడుమ ఒక కన్వర్టరు పెడతారు. బ్యాటరీ 43కు దిగినా సరే, అది తీగలోకి 57 వోల్టులు పంపుతుంది. మన 10 చదరపు మిల్లీమీటర్ల తీగనే ఉంచి లెక్క వేస్తే పైకి 55 చేరతాయి, తీగలో వేడిగా పోయే నష్టం 40 వాట్ల నుంచి 22కు పడిపోతుంది. ఇంకొన్ని కన్వర్టర్లు తీగ నిరోధాన్ని ముందే కొలిచి పెట్టుకుని, కరెంటు ఎంత పారుతోందో చూస్తూ, దారిలో పోబోయే వోల్టులను ముందుగానే కలిపి పంపుతాయి. ఎడిసన్‌ను ఓడించిన ఉపాయమే ఇది. వోల్టేజి పెంచితే కరెంటు తగ్గుతుంది, కరెంటు సగమైతే నష్టం నాలుగో వంతవుతుంది. ఆయన కాలంలో డీసీ వోల్టేజిని తేలిగ్గా పెంచే సాధనం లేదు. ఇప్పుడు సెమీకండక్టర్లు ఆ పని చేస్తున్నాయి.

అలాగైతే ఏకంగా 200 వోల్టులో 400 వోల్టులో పంపరాదా అని అడగొచ్చు. పంపే ఏర్పాట్లూ ఉన్నాయి. కానీ 60 వోల్టుల లోపు డీసీని భద్రతా ప్రమాణాలు మనిషికి హాని తక్కువైన కోవలో ఉంచుతాయి. అది దాటితే తొడుగు మారాలి, కనెక్టర్లు మారాలి, పనిచేసేవాళ్ళ శిక్షణ మారాలి. తాళ్ళకు వేలాడుతూ, చెమట చేతులతో పనిచేసే మనిషికి ఆ 60 గీత ఒక రక్ష. అలాగని 48 వోల్టులను సాధువనుకోకూడదు. బ్యాటరీ పట్టీ మీద పొరపాటున పానా అడ్డంగా పడితే వేల ఆంపియర్లు పారి ఇనుము కరిగి చిమ్ముతుంది. ఉంగరాలు, లోహపు గడియారాలు తీసేసి పనికి దిగమని చెప్పేది అందుకే.

బ్రేకర్ల విషయంలోనూ డీసీది వేరే స్వభావం. మన ఇళ్ళలోని ఏసీ సెకనుకు వందసార్లు సున్నా గుండా పోతుంది. స్విచ్చు తీసినప్పుడు పుట్టిన మెరుపు ఆ సున్నా దగ్గర దానంతట అదే ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు. మెరుపు పుడితే సాగుతూనే ఉంటుంది. అందుకే డీసీ బ్రేకర్లలో మెరుపును లాగి, చీల్చి, చల్లార్చే ఏర్పాటు ఉంటుంది, కొన్నిటిలో అయస్కాంతం కూడా. ఏసీకని చేసిన చవక బ్రేకరును డీసీ తీగకు బిగిస్తే అది మామూలు రోజుల్లో పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. షార్టు అయిన రోజున అదే అంటుకుంటుంది.

ఇక పిడుగు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్కగట్టింది. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తుగా ఉన్న ఇనుము టవరే. పిడుగు కరెంటు మామూలుగా 30 వేల ఆంపియర్ల చుట్టూ ఉంటుంది. అంతకంటే ముఖ్యం, అది మైక్రోసెకన్లలో లేస్తుంది. అంత వేగంగా లేచే కరెంటుకు నిటారుగా ఉన్న ఇనప టవరు కూడా అడ్డంకే. మైక్రోసెకనుకు 10 వేల ఆంపియర్ల చొప్పున లేస్తుంటే టవరు ఒక్కో మీటరుకూ దాదాపు 10 వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ లిప్తలో టవరు తలకూ పాదానికీ మధ్య లక్షల వోల్టులు. ఆ రెంటినీ కలుపుతూ ఉన్నది మన 48 వోల్టుల తీగ. ఒక కొస పైన రేడియోలో, మరో కొస కింద పెట్టెలో.

ఈ దెబ్బను ఆపలేం, దారి మళ్ళించగలం. తీగ రెండు కొసల్లోనూ సర్జ్ అరెస్టర్లు పెడతారు. వాటిలో ఉండేది ముఖ్యంగా జింక్ ఆక్సైడు బిళ్ళ. మామూలు వోల్టేజికి అది గోడలా ఉంటుంది. వోల్టేజి హద్దు దాటగానే లిప్తలో దారి ఇచ్చి కరెంటును ఎర్తులోకి దించుతుంది, దాటిపోగానే మళ్ళీ గోడవుతుంది. ప్రతి దెబ్బకూ కొంచెం అరుగుతుంది కాబట్టి దాని మీదున్న చిన్న గుర్తు ఎర్రబడిందా అని చూస్తూ ఉండాలి. తీగ చుట్టూ ఉన్న లోహపు తొడుగును పైన, కింద, ఎత్తైన టవరైతే మధ్యలోనూ ఎర్తుకు కలుపుతారు. చివరికి అంతా చేరేది బొగ్గూ ఉప్పూ వేసి పాతిన ఎర్తు గొయ్యికే. ఆ గొయ్యి ఎండిపోతే పైన ఎంత ఖరీదైన అరెస్టరున్నా దానికి కరెంటును దించే చోటుండదు. వేసవిలో ఎర్తు గొయ్యిలో నాలుగు బిందెల నీళ్ళు పోయడం టవరు కాపలా మనిషి చేసే పనుల్లో అతి విలువైనది.

బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. సీల్ చేసిన సీసం బ్యాటరీ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. ఇప్పుడు చాలాచోట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వస్తున్నాయి. అవి 15 లేదా 16 సెల్లులతో అదే 48 కుటుంబంలోకి ఒదుగుతాయి. అవి ఖాళీ అవుతున్నంతసేపూ వోల్టేజిని దాదాపు సమంగా నిలబెట్టి చివర్లో ఒక్కసారిగా దిగుతాయి కాబట్టి, మన శివారు రేడియోకు ఎక్కువసేపు గట్టు మీద చోటు దొరుకుతుంది. సౌర ఫలకాలు పుట్టించేదీ డీసీయే కనుక ఏసీగా మార్చే గొడవ లేకుండా ఇదే పట్టీకి వచ్చి కలుస్తాయి.

5జీ వచ్చాక లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. పదుల కొద్దీ చిన్న రేడియోలను ఒకే పలకలో పేర్చిన కొత్త యాంటెనాలు ఒక్కొక్కటి వెయ్యి వాట్ల చుట్టూ తీసుకోగలవు. 600కు బదులు 1000 వాట్లు పెట్టి, అదే 10 చదరపు మిల్లీమీటర్ల తీగతో లెక్క వేస్తే పైన మిగిలేది 38.4 వోల్టులు. ఇందాక 6 చదరపు మిల్లీమీటర్ల తీగతో వచ్చినదీ అదే. 4జీకి సరిపోయిన తీగ మారకుండానే సన్నబడిపోయింది.

ఇవన్నీ కాగితం మీది లెక్కలు. టవరు మీద లెక్కను చెడగొట్టేవి ఇంకా చిన్నవి. తీగ కొసకు నొక్కే లగ్గు సరిగ్గా నొక్కకపోతే అక్కడ పది మిల్లీఓమ్‌ల అదనపు నిరోధం చేరుతుంది. 15 ఆంపియర్ల దగ్గర అది 0.15 వోల్టులు తింటుంది, రెండు వాట్లకు పైగా వేడి ఒక్క చుక్క దగ్గర పుడుతుంది. ఆ వేడికి లగ్గు మరింత వదులవుతుంది. సముద్రపు గాలి ఉన్నచోట ఉప్పు పేరుకుని ఆకుపచ్చ చిలుము పడుతుంది. అందుకే మంచి పనివాడు తీగను పెట్టెలోకి దూర్చేముందు కిందికి ఒక వంపు తిప్పుతాడు, తీగ వెంట జారే వాన నీరు ఆ వంపు దగ్గర బొట్లుగా రాలిపోవాలని. ఆ వంపు ఏ రసీదులోనూ కనిపించదు.

ఇందులో మోసపోయే చోటు ఒకటుంది. రేడియో ఆపి ఉన్నప్పుడు పైకెక్కి మీటరు పెడితే, తీగ ఎంత సన్నదైనా, లగ్గు ఎంత వదులుగా ఉన్నా, కింద ఉన్న 54 పైనా కనిపిస్తుంది. ఖాళీ తీగలో డ్రాప్ ఉండదు. దాన్ని చూసి అంతా బాగుందని రాసుకుని దిగిపోవచ్చు. నిజం తెలియాలంటే వేరేగా చేయాలి. గాలివానల కాలం రాకముందే, సెప్టెంబరులో ఒక ఎండ రోజున, పగటి పూట, లైను బ్రేకరు కావాలని దించాలి. రేడియోలన్నీ నిండు భారం మీద నడుస్తుండాలి. బ్యాటరీ 43 దాకా దిగనివ్వాలి. కింద ఒకరు పట్టీ మీద మీటరు ఆనించి అంకె చెబుతుంటే, పైన బెల్టుకు వేలాడుతున్న మనిషి రేడియో మూతి దగ్గర తన మీటరు పెట్టి చూడాలి. అక్కడ 41న్నర కనిపిస్తే ఆ తీగ అక్టోబరుకు సిద్ధంగా ఉంది. 39 కనిపిస్తే, ఎండ తగ్గకముందే ఒక్కో లగ్గూ విప్పి చూస్తూ కిందికి దిగి రావాలి.